చెల్లెలు కూర్చున్న సొట్ట

సొట్టల మేస్త్రి పెళ్లి ఒక గ్లాసు వల్ల కుదిరింది. పిల్లనడగడానికని వాళ్లింటికి వెళ్లి ముందుగదిలో కూర్చుంటే మంచినీళ్లు ఇచ్చారు. ఆ గ్లాసుకి అంచు కింద చిన్న సొట్ట ఉంది. పెద్దవాళ్లు ఏదో అడుగుతున్నారు, ఇతను ఊఁ కొడుతున్నాడు గానీ బొటనవేలు మాత్రం ఆ సొట్ట చుట్టూనే తిరుగుతోంది. చివరికి ఉండబట్టలేక నీళ్లు గటగటా తాగేసి, బల్ల మీదున్న చెంచా అందుకుని, గ్లాసు లోపలి నుంచి టిక్కుటిక్కుమని నాలుగు దెబ్బలు వేశాడు. వెలుగులోకి తిప్పి చూసుకుని తృప్తిగా తిరిగిచ్చాడు.

కాబోయే మామగారు లోపలికెళ్లి, "అబ్బాయి కాస్త తేడాగా ఉన్నాడే" అన్నాడట.

"తేడా అయితే అయ్యాడు. వంటింట్లో ఇంకా చాలా గిన్నెలున్నాయి, అవి కూడా ఇచ్చి చూడు నాన్నా" అందట కూతురు.

ఆ కూతురే ఇప్పుడు మేస్త్రి భార్య. బజారులో అందరికీ సీట్లమ్మ. ఇద్దరిదీ ఒకటే షెడ్డు, మధ్యలో ఒక పరదా. పరదాకి ఇవతల ఇతను గుద్దుకున్న కార్ల తలుపులూ బానెట్లూ సరిచేస్తాడు. అవతల ఆమె కార్ల సీట్లకి రెగ్జిను కుడుతుంది. ఇటు సుత్తి, అటు మిషను. కొత్తగా వచ్చినవాళ్లు ఆ చప్పుడు పెరిగితే పని జోరుగా సాగుతోందనుకుంటారు. పాతవాళ్లకి మాత్రం లోపల మాటా మాటా అనుకుంటున్నారని తెలుసు.

మేస్త్రి పని మొదలుపెట్టే తీరు చూసి తీరాలి. అరచేతి కింద పల్చటి గుడ్డ వేసుకుని, కళ్లు మూసుకుని, రేకు మీద నెమ్మదిగా చెయ్యి పోనిస్తాడు. గుడ్డ ఉంటే చెయ్యి తేలిగ్గా జారుతుంది, ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి.

"ఏవయ్యా, బండికి జ్వరమా?" అంటుంది పరదా వెనక నుంచి భార్య.

"మూలుగుతోందే" అంటాడితను.

సొట్ట మీద లప్పం మెత్తేసి రంగు కొట్టేవాళ్ల పేరెత్తితే అతనికి ఒళ్లు మంట. రేకు ఎక్కడి నుంచి కిందికి పోయిందో అక్కడికే తిరిగి రావాలి. కారు యజమాని వచ్చి రెండు తలుపులూ మార్చి మార్చి చూసి, "ఇంతకీ ఏ తలుపయ్యా నువ్వు బాగుచేసింది?" అని అడిగిన రోజున మేస్త్రికి ఇక ఆకలి కూడా వేయదు.

చేతులు ఊరుకోకపోవడం ఒక్కటే అతనికున్న రోగం. దారిన పోతూ పోతూ పరాయి కార్లని తడుముతాడు. ఒకసారి అలా తడిమిన కారులో మనుషులున్నారు. డ్రైవరు సీట్లో పెద్దమనిషి అద్దం దించి "ఏం కావాలి?" అన్నాడు. "ఏం వద్దండీ. గోడకి రాసుకున్నట్టున్నారు, అంతే" అని చెప్పి ఇతను తన దారిన వెళ్లిపోయాడు. పక్క సీట్లో కూర్చున్న భార్యకి గోడ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ కారు చాలాసేపు అక్కడే ఆగి ఉందని చూసినవాళ్లు చెప్పారు.

అలాంటి చేతుల్లోకి ఆ ఊరి తొలినాటి రేసు బండి వచ్చింది.

తెచ్చింది బోల్టుల మాస్టారు. ఆయన బడిలో బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. జేబుల నిండా ఎక్కడెక్కడో ఏరిన పాత బోల్టులు, నట్లు. ముందు గలగలమని చప్పుడు వస్తుంది, తర్వాత మాస్టారు వస్తారు. ఎవరి అటక మీదైనా పాత హారను ఉందని తెలిసినా, ఎవరి కోళ్లగూటికైనా పాత కారు తలుపు అడ్డం పెట్టారని విన్నా, వెళ్లి బతిమాలి తెచ్చుకునేవారు. అదంతా పెట్టుకోవడానికి ఊరివాళ్లు ఆయనకి బస్సులు కడిగే పాత షెడ్డు ఇచ్చారు. దానికి సున్నం వేయించి, అరలు కొట్టించి, ఊరి మోటారు బళ్ల చరిత్రంతా అక్కడ పేర్చడం మొదలుపెట్టారు.

ఆ ఊళ్లో తొలినాటి రేసులు సముద్రం ఒడ్డున జరిగేవి. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గితే తడి ఇసుక సిమెంటులా గట్టిపడేది. ఆ చివర ఒక పీపా, ఈ చివర ఒక పీపా పెట్టేవారు. వాటిని చుట్టి చుట్టి రావాలి. పోటు మొదలయ్యేలోగా రేసు అయిపోవాలి, లేకపోతే డ్రైవర్లకి ఈత వచ్చి ఉండాలి.

ఆ రేసుల్లో నడిచి, ఊళ్లో ఇంకా మిగిలిన బండి ఒక్కటే. దాని పేరు రొట్టె బండి. బేకరీ వ్యాను తోలే కుర్రాడొకడు, ఓనరు పారేయమన్న వ్యాను తీసుకుని, పైదంతా ఊడబెరికి, కింది చట్రం మీద తన చేత్తో రేసు బండి కట్టాడు. రేకు కొనే స్తోమత లేక రొట్టెలు కాల్చే పాత పళ్లాలు సాగగొట్టి అతికాడు. ముందు భాగం పీపాలా, వెనక తోక నీటిచుక్కలా సన్నగా ఉంటుంది. ఆ కుర్రాడిని ఊరంతా రొట్టెలన్న అని పిలిచేది. అతను పోయి చాలాకాలమైంది. బండి అతని చెల్లెలి పెరటి పాకలో పడి ఉంది.

చెల్లెలంటే ఇప్పుడు పండు ముసలమ్మ. రేసుల్లో అన్న చుట్లకి గడియారం పట్టుకుని టైము చూసేది కాబట్టి గడియారం పెద్దమ్మ అంటారు. మాస్టారు ఆమె గుమ్మం చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో ఆయన చెప్పులకే తెలియాలి. చివరికి ఆమె మెత్తబడింది.

"తీసుకెళ్లు. తుప్పు గీకించు, చక్రాలు తిరిగేట్టు చేయించు. అంతవరకే. ఆ తర్వాత నేనొచ్చి చూస్తాను. మా అన్న వదిలింది వదిలినట్టు ఉంటే మీ షెడ్డుకి ఇచ్చేస్తాను. కొత్త పెళ్లికూతుర్ని చేశారా, మా పాకలోకే తిరిగి తోలించేస్తాను. అక్కడే మట్టైపోనీ" అంది.

మాస్టారు ఆ మాటే మేస్త్రికి అప్పగించారు. "తుప్పు వరకే మేస్త్రీ. మంట అసలు పెట్టకూడదు. ఆ రంగు, ఆ నంబరు రొట్టెలన్న చేత్తో వేసుకున్నవి. ఇంకేదీ ముట్టుకోవద్దు. విన్నావా?"

"విన్నాను మాస్టారూ."

"ఏం విన్నావ్?"

"తుప్పు వరకే."

పరదా వెనక మిషను ఆగింది. "మాస్టారుగారూ, చెవులతో వింటాడండీ. చేతులకి చెవులుండవు కదా" అంది సీట్లమ్మ.

ఆమె అన్నట్టే అయింది. మొదట్లో మేస్త్రి బుద్ధిగానే ఉన్నాడు. తుప్పు గీకాడు, నూనె పట్టించాడు, బిగిసిపోయిన చక్రాలని తిప్పాడు. బండి తోక గోడ వైపుకి ఉంది, దాని మీద గోనె కప్పి ఉంది. ఆ గోనె అతన్ని కొన్నాళ్లు కాపాడింది. ఒకరోజు సీట్లమ్మ పాత సీటు ఊడదీసుకుని వెళ్లింది. చిరుగు కనపడకుండా ఆనాటి తోలుకే టాకా వేయాలి. సీటు పోయేసరికి దాని వెనక బొరియలా తోక లోపలి భాగం కనిపించింది. మేస్త్రి టార్చిలైటు వేసి తల దూర్చాడు. రొట్టెలు కాలిన నల్లటి మరకలు ఇంకా రేకుకి అలాగే ఉన్నాయి. ముచ్చటేసింది. ఆ మరకల మధ్య రేకు కిందికి పొట్టలా వేలాడుతోంది. పైనుంచి గోనె తీసి చూస్తే, తోక మీద గంగాళం మూతంత సొట్ట.

అతనికి మనసు మనసులో లేదు. 'రొట్టెలన్న ఇంత ముచ్చటగా కట్టుకున్న బండి, పాకలో ఏ నిచ్చెనో పడి పాడైపోయింది. పెద్దమ్మ చూసుకోలేదు పాపం' అనుకున్నాడు. 'రొట్టెలన్న వదిలింది వదిలినట్టు అంటే ఇదా? ఈ సొట్ట తీస్తేనే అతను వదిలినట్టు అవుతుంది' అని తనకి తనే తీర్పు చెప్పుకున్నాడు. మాస్టారు పాత ఫొటోలకి పటాలు కట్టించడానికి పక్కూరు వెళ్లారు. అడ్డుచెప్పేవాళ్లు లేరు.

లోపల ఇసుక సంచి ఆనించి, పైన గుడ్డ పరిచి, చెక్క సుత్తితో పసిబిడ్డని జోకొట్టినట్టు కొట్టాడు. రంగు ఒక్క రవ్వ రాలలేదు. అంచున ఒక పదునైన మడత ఉంటే దాన్ని కూడా రుద్ది రుద్ది చదును చేశాడు. సాయంత్రానికి తోక కోడిగుడ్డులా నున్నగా ఉంది.

అయితే ఒక చిక్కొచ్చింది. బలంగా నొక్కుకుపోయిన రేకు సాగుతుంది. సాగిన రేకుని పైకి లేపితే సరిపోదు, కాస్త వేడి చూపించి బిగించాలి. లేకపోతే చెయ్యి తగిలితే చాలు టప్పుమని లోపలికి పోతుంది, కింద నుంచి పొడిస్తే టప్పుమని పైకి వస్తుంది. ఇక్కడ మంట పెట్టడానికి లేదు. దానికితోడు రొట్టెల పళ్లెం రేకు కాగితమంత పల్చన. మేస్త్రి అలా చెయ్యి వేశాడో లేదో, టప్! సొట్ట మళ్లీ ప్రత్యక్షం.

రేకు టప్పుమనడమంటే ఆ పనివాళ్లలో పెద్ద నామోషీ. పని రానివాడి చెయ్యి పడిందని దాని అర్థం. మేస్త్రి చుట్టూ చూసి, ఒక చెక్కముక్కని కొలతకి కోసి, లోపల రేకు కింద పోటు పెట్టాడు. తోక నిలబడింది.

"ఏంటా టప్పుటప్పులు?" అంది సీట్లమ్మ.

"ఏం లేదు."

"ఏం లేకపోతే చెక్క ఎందుకు కోశావ్?"

"నీ పని నువ్వు చూసుకోవే!" అన్నాడు. సీట్లమ్మ మిషను పెడలు మీద కాలు గట్టిగా వేసింది. బజారుకి సంగతి అర్థమైంది.

మాస్టారు పక్కూరు నుంచి తిరిగొచ్చేసరికి బండి మాస్టారి షెడ్డుకి చేరిపోయింది, సీటు ఎక్కేసింది. ఆయన చూసింది చక్రాలు, నంబరు, టాకా. తోక గోడ వైపుకే ఉంది. మర్నాడు పొద్దున్నే గడియారం పెద్దమ్మ రానే వచ్చింది.

చేతికర్ర ఆనించుకుంటూ బండి చుట్టూ తిరిగింది. నంబరు చూసి తలూపింది. స్టీరింగు పట్టుకుని, "ఇది వాడి చేతికి అరిగిన చోటు" అంది. సీటు చూసి సీట్లమ్మ బుగ్గ పుణికింది. మాస్టారి మొహం వెలిగిపోతోంది. తర్వాత ఆమె వెనక్కి వెళ్లింది. చూడకుండానే, అలవాటైన మనిషిలా, తోక మీద చెయ్యి వేసింది. చెయ్యి అటు జరిగింది, ఇటు జరిగింది. కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"నా సొట్ట ఏది?" అంది.

 మాస్టారి జేబులో బోల్టుల గలగల ఆగిపోయింది.

"మీ సొట్టేంటమ్మా?" అన్నాడు మేస్త్రి.

"నాది కాకపోతే నీదా? ఆఖరి రేసప్పుడు పోటు ముందే వచ్చేసింది. ఇసుక మెత్తబడి వెనక చక్రాలు తిరిగినచోటే తిరుగుతున్నాయి. బండి కదలదు. మా అన్న మొహం చూడలేకపోయాను. గడియారం పారేసి నీళ్లలో పరిగెత్తి, ఒక్క ఉదుటున ఎక్కి తోక మీద కూర్చున్నాను. బరువు పడగానే చక్రాలు పట్టేశాయి. బండి ఎగిరి దూకింది! అటూఇటూ అలలు, వాడు తోలుతున్నాడు, నేను వాడి మెడ పట్టుకుని కేకలు. గీత దాటాక దిగి చూస్తే ఈ సొట్ట. నా చెప్పు మడమ దిగి పక్కనే ఒక మడత. ఏడుపొచ్చేసింది. బండి పాడుచేశానని."

"గెలిచారా?" అంది సీట్లమ్మ.

"ఎక్కడ! బండిలో ఒక్కరే ఉండాలిట, మమ్మల్ని లెక్కలోంచి తీసేశారు. మా అన్న పడీపడీ నవ్వాడు. సొట్ట తీయిస్తానని మా నాన్న అంటే, 'ముట్టుకుంటే ఊరుకోను, అది మా చెల్లి కుర్చీ' అన్నాడు. ఉన్నన్నాళ్లూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు." ఆమె చెయ్యి ఇంకా తోక మీదే ఉంది. "వాడు పోయాక పొద్దున్నే పాకలోకెళ్లి దాని మీద చెయ్యేసి వచ్చేదాన్ని."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఎన్ని సొట్టలు తీశాడో, ఒక్కటి కూడా తిరిగి అడిగినవాళ్లు లేరు.

"నేనేనమ్మా" అన్నాడు. "మాస్టారు వద్దన్నారు. ఆయన తప్పేం లేదు. నేనే ఉండలేక తీసేశాను."

మాస్టారు నెమ్మదిగా ఒక పెట్రోలు డబ్బా మీద కూలబడ్డారు. పెద్దమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "సర్లే. నా బండి నాకు తోలించెయ్ మాస్టారూ" అని కర్ర అందుకుంది.

సీట్లమ్మ మొగుడి జబ్బ మీద పొడిచింది. "చెప్పు."

"ఏం చెప్పను?"

"లోపల పోటు పెట్టావుగా, ఆ సంగతి."

చేసిన పాపం ఒకటి చాలదన్నట్టు, చేసిన పని కూడా సరిగ్గా కుదరలేదని అందరి ముందూ ఒప్పుకోవాలి. షెడ్డు గుమ్మంలో బజారు మనుషులు కూడా ఉన్నారు. వాళ్లలో మేస్త్రి షెడ్డుకి ఎదురుగా లప్పం మెత్తే కొట్టువాడు ఒకడు. మేస్త్రి వాడి వంక ఒకసారి చూశాడు, ముసలమ్మ వీపు వంక ఒకసారి చూశాడు.

"పెద్దమ్మగారూ, ఆగండి. ఆ సొట్ట పోలేదు" అన్నాడు. "నాకు తీయడం కుదరలేదు. రేకు మాట వినలేదు. చెక్క పోటు పెట్టి నిలబెట్టాను. అది తీసేస్తే ఎక్కడుండేదో అక్కడికే పోతుంది."

"నిజమేనా?"

"టప్పుమంటుందమ్మా. అంత చెత్తగా చేశాను."

గుమ్మంలో ఎదురు కొట్టువాడు కిసుక్కుమన్నాడు. సీట్లమ్మ చూసిన చూపుకి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమే సీటు విప్పింది. మేస్త్రి బొరియలోకి నడుం దాకా దూరి చెక్కముక్క లాగి బయటికొచ్చాడు.

"ఇప్పుడు కూర్చోండి" అన్నాడు.

పెద్దమ్మ ఎగాదిగా చూసింది. "బుద్ధుందా నాయనా? అప్పుడు గుప్పెడంత పిల్లని. ఇప్పుడు నేను కూర్చుంటే చరిత్ర మారిపోతుంది."

మాస్టారికి అంత బాధలోనూ నవ్వొచ్చింది. బోల్టులు గలగలమన్నాయి.

"అయితే అరచెయ్యి చాలమ్మా. ఇక్కడ. ఊరికే అలా ఆనించండి."

ఆమె కర్ర సీట్లమ్మకిచ్చి, రెండు చేతులూ ఆనించింది. ఎవరైనా తమ పని బాగా రావాలని కోరుకుంటారు గానీ, తన పని చెడిపోవాలని మేస్త్రి అంతగా కోరుకున్న మనిషి ఇంకొకడు ఉండడు.

టప్!

రేకు పడుకుంది. అదే వెడల్పు, అదే లోతు. పెద్దమ్మ వేళ్లతో చుట్టూ తడిమింది, మేస్త్రి బళ్లని తడిమినట్టే, కళ్లు మూసుకుని. ఒకచోట వేలు ఆగింది.

"మడత లేదు. నా చెప్పుది."

"అది పోయిందమ్మా. అది నేను చదును చేసేశాను. అది రాదు." చెక్కముక్క చేతిలో తిప్పుతూ, "కావాలంటే సుత్తితో అలాంటిదే ఒకటి..." అన్నాడు.

"వద్దు. అది నీదవుతుంది గానీ నాదవ్వదు." కాసేపు ఆ చోటే నిమిరింది. "పోనీలే. ఆ చెప్పులు కూడా అలల్లోనే పోయాయి. కుర్చీ ఉంది, చాలు."

మాస్టారు లేచి నిలబడ్డారు. బండి సంగతి ఆయన అడిగేలోపే ఆమే అంది: "ఉండనీ మాస్టారూ ఇక్కడే. మా పాకలో దీంతో నేనొక్కదాన్నే మాట్లాడుతున్నాను. ఇక్కడైతే నలుగురు వింటారు. కానీ పక్కన రాసి పెడతావు కదా, ఉన్నదున్నట్టు రాయి. నేను కూర్చున్నదీ, మమ్మల్ని లెక్కలోంచి తీసేసిందీ, ఈ అబ్బాయి తీసిందీ, మళ్లీ వచ్చిందీ. అన్నీ."

"నా సంగతి ఎందుకమ్మా?" అన్నాడు మేస్త్రి.

"దాని మీద నీ చెయ్యి పడిందా లేదా?"

"పడింది."

"మరి!"

మాస్టారు అన్నీ రాశారు. బండి పక్కన అట్ట మీద, డ్రాయింగు మాస్టారి గుండ్రటి అక్షరాలతో. మొదట్లో మేస్త్రి సిగ్గుతో ఆ వైపు వెళ్లలేదు. తర్వాత మెల్లగా అలవాటు పడ్డాడు. ఇప్పుడు కారు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లని కూడా వెంటబెట్టుకెళ్లి, "చూడండి, నేను ఓడిపోయిన సొట్ట ఇదొక్కటే" అని చూపిస్తున్నాడు. లప్పం కొట్టువాడి బండి కూడా మొన్న గుద్దుకుంటే, వాడు చడీచప్పుడు లేకుండా మేస్త్రి షెడ్డుకే తెచ్చాడు. అది వేరే కథ, సీట్లమ్మ అయితే ఇంకా బాగా చెబుతుంది.

సెలవు రోజుల్లో జనం వచ్చినప్పుడు ఎవరూ తోకని నొక్కకుండా చూసుకునే పని మేస్త్రిదే. గడియారం పెద్దమ్మ ఒక్కతే నొక్కచ్చు. ఆమె వచ్చి చెయ్యేసి, కాసేపు కూర్చుని, సీట్లమ్మతో ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకుని వెళుతుంది. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. అలా కట్టుకోమని భార్య ఆజ్ఞ.

మొన్న అలా నిలబడే ఉన్నాడు. చూపు మాత్రం అరలో ఉన్న పాత పెట్రోలు డబ్బా మీదకి పోయింది. దాని భుజం మీద కొత్తగా ఒక సొట్ట కనిపించింది. వెనక కట్టుకున్న చేతివేళ్లు ఒకదాన్నొకటి పిసుక్కోవడం మొదలుపెట్టాయి.

"మాస్టారూ" అన్నాడు, చాలా మర్యాదగా. "ఆ డబ్బా మీద సొట్ట... ఎవరిదైనా కుర్చీయా?"

మాస్టారు కళ్లజోడు పైకెత్తి చూశారు. "కుర్చీయా గాడిదగుడ్డా! నిన్న దుమ్ము దులుపుతుంటే నా చేతిలోంచి జారిపడింది."

"నిజంగా నిన్నేనా?"

"నిన్ననే."

మేస్త్రి భార్య వైపు చూశాడు. సీట్లమ్మ పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ తలూపింది. సీట్లమ్మ తన సంచిలో చెయ్యి పెట్టి చెక్క సుత్తి బయటికి తీసింది.